ఎండ పడేది మిద్దె మీద, డబ్బు పోసేది ఎలివేషన్ మీద

నెల్లూరు దాటి ఒంగోలు దాకా హైవే పక్కనున్న ఏ ఊళ్ళోకైనా పోయి ఈ నాలుగైదేళ్ళలో లేచిన ఇళ్ళు చూడండి. ముందు గోడకి రాతి టైల్సు, బాల్కనీకి స్టీలు రెయిలింగు, గ్లాసు, రాత్రిళ్ళు వెలిగే ఎల్ఈడీ పట్టీలు, పోర్టికోలో చీమకుర్తి గ్రానైటు. అదే ఇంటి మిద్దెక్కి చూస్తే ఉత్త బూడిదరంగు శ్లాబు, ఒక నల్ల వాటర్ ట్యాంకు, ఎప్పుడో పై అంతస్తు వేస్తామని వదిలేసిన తుప్పు కడ్డీలు. మే నెలలో మన ఎండంతా పడేది ఆ శ్లాబు మీదే. ఎలివేషన్ మీద, అంటే ఆ ముందు సోకు మీద, పెట్టిన లక్షల్లో పదో వంతు ఆ శ్లాబు మీద పెట్టుంటే కింద పడుకునే వాళ్ళకి నిద్ర పట్టేది. నేను చెప్పదల్చుకుంది ఇదొక్కటే, మిగతాదంతా దానికి లెక్కలూ కారణాలూ.

ఇప్పుడెందుకు రాస్తన్నానంటే మా బావమరిది కావలి పక్కన ఇల్లు మొదలుపెడతన్నాడు. 4 సెంట్ల స్థలం, మా నెల్లూరోళ్ళ లెక్కలో 24 అంకణాలు, 36 కి 48 అడుగులు. ఫోన్లో ఒక బొమ్మ చూపించి "బావా, ముందు ఎలివేషన్ ఫైనల్ చేసుకుందాం, ప్లానుదేముంది, ఇంజనీరు గీసిస్తాడు" అన్నాడు. నేను చాలా ఏళ్ళు సైట్ల మీద ఎస్టిమేట్లు రాసే పని చేశా, ఇట్టా మొదలైన ఇళ్ళు ఎట్టా ముగుస్తాయో దగ్గర్నించి చూశా. అప్పు తీసుకుని, ఆడోళ్ళ నగలు కుదవపెట్టి కట్టిన ఇంట్లో ఏసీ వేసుకోటానికి భయపడే వాళ్ళని చూశా. అది నాకు చాలా బాధగా ఉంటది. ఇల్లనేది జన్మకొక్కసారి కట్టుకునేది, దాంట్లో ఉడికిపోతా బతకటం ఏంది.

ముందు ఎండ సంగతి. నెల్లూరు ఉండేది పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. అంటే ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టు నడిమిలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నెత్తి మీదుంటాడు, ఆ రెండిటి మధ్యన మధ్యాహ్నప్పూట కొంచెం ఉత్తరానికి ఉంటాడు గానీ దక్షిణానికి కాదు. చాలామంది దక్షిణం గోడే కాలద్ది అనుకుంటారు, వేసవిలో దానికి అంత దెబ్బ లేదు. దెబ్బంతా మిద్దెకి, తర్వాత పడమటి గోడకి. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, దానికి కిటికీ మీద 2 అడుగుల సన్‌షేడ్ వేస్తే రెండున్నర అడుగుల కిందిదాకా నీడ పడద్ది, సరిపోద్ది. ఉత్తరానికైతే అడుగు సన్‌షేడ్ చాలు. పడమర మాత్రం సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా వచ్చి గోడంతా తడిమేస్తది, దానికి సన్‌షేడ్ ఏం చెయ్యలేదు.

ఇక శ్లాబు. మనం వేసే 5 అంగుళాల కాంక్రీటు వేడిని ఆపదు, పగలంతా తాగి రాత్రి పదింటిదాకా కిందకి వదుల్తా ఉంటది. ఫ్యాను వేస్తే వేడిగాలే మొహాన కొడతదే, అది అందుకే. కేంద్రంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు 2018లో ఇళ్ళ కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చారు. దాంట్లో మిద్దెలోంచి వేడి ఎంత దిగొచ్చో ఒక హద్దు పెట్టారు, చదరపు మీటరుకి డిగ్రీకి 1.2 వాట్లు మించకూడదని. మన ఉత్త శ్లాబుది లెక్క కడితే 3 పైనే వస్తది. అంటే ఉండాల్సిన దానికి రెండున్నర రెట్లకి పైగా వేడి మన మంచాల మీదకి దిగతా ఉంది. గోడలకి ఏ ఇటుక వాడాలా అని నెల రోజులు వాదించుకుంటాం గానీ దీని మీద ఇంట్లో ఒక్క మాట నడవదు.

మన పెద్దోళ్ళకి ఈ గొడవ తెలుసు. పొదిలి, కనిగిరి వైపు మట్టిమిద్దెల్లో దూలాలు, దంతెలు వేసి పైన జానెడుకి మించి చౌడుమన్ను పరిచేవాళ్ళు, మే నెల మధ్యాహ్నం దాంట్లోకి పోతే ప్రాణం లేచొచ్చేది. కోస్తాలో తాటాకు, పెంకు. తర్వాత మద్రాసు పద్ధతి మిద్దెలొచ్చినప్పుడు కూడా పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టి, పైన పలచటి బిళ్ళలు పరిచేవాళ్ళు, దాన్నే వెదరింగ్ కోర్స్ అంటారు. నీళ్ళు కారకుండా ఉండటానికే అనుకుంటారు, వేడి ఆపేదీ అదే. ఇప్పుడు ఖర్చని, బరువని అది మానేసి పైన ఒక వాటర్‌ప్రూఫింగ్ రంగు కొట్టి సరిపెడతన్నారు, ఆ రంగు కూడా ముదురు ఎరుపో, బూడిదో.

మట్టిమిద్దెలు మళ్ళీ కట్టమని నేను చెప్పటంలా. చెదలు, ప్రతి ఏడూ మన్ను ఎక్కించాల్సిన పని, వాయుగుండాలు వచ్చే మన కార్తీకమాసం వానలు, ఇవన్నీ మర్చిపోయి పాతదంతా బంగారం అనటం సరికాదు. కాంక్రీటు శ్లాబే వెయ్యండి, పైన మాత్రం ఉత్తగా వదలొద్దు. అన్నిటికంటే చవక సున్నం. ఎండాకాలం ముందు తెల్లసున్నం, కొంచెం తెల్ల సిమెంటు, అతుక్కోటానికి ఫెవికాల్ కలిపి రెండు పూతలు కొట్టటమే. వానలకి పోద్ది, ఏటా మళ్ళీ కొట్టాలి. ఒకసారి పెట్టి మర్చిపోవాలంటే టైల్స్ షాపుల్లో పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు చవగ్గా తెచ్చి మొజాయిక్ లాగా పరిపించుకోవచ్చు, తెలుపు ఎండని తిరక్కొడతది. ఎండని తిరక్కొట్టటం ఒకటి, లోపలికి దిగకుండా ఆపటం ఇంకొకటి, కోడ్ చెప్పే 1.2 కావాలంటే శ్లాబు మీద థర్మోకోల్ లాంటి గట్టి ఇన్సులేషన్ షీటు వేసి దాని మీద టైల్సు పరవాలి. డబ్బు తక్కువుంటే తెలుపుతోనే మొదలుపెట్టండి, సగం పని దాంతో అయిపోద్ది. పక్కన తెలంగాణాలో 2023లో కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి తెచ్చారు. మన నెల్లూరు, ఒంగోలు ఎండలకి ఎవరో చెప్పేదాకా ఆగాల్సిన పని లేదు.

శ్లాబు వేసేటప్పుడే చెయ్యగలిగింది ఇంకోటుంది, ఫిల్లర్ శ్లాబు. కేరళలో లారీ బేకర్ అని ఇంగ్లండు నించి వచ్చి మనదేశంలోనే ఉండిపోయిన ఆర్కిటెక్టు, 2007లో చనిపోయాడు, పేదోళ్ళ ఇళ్ళకి దీన్ని బాగా వాడాడు. శ్లాబులో కింది భాగంలో కాంక్రీటు చేసే పని తక్కువ, లాగుడంతా కడ్డీలే మోస్తాయి. ఆ కడ్డీల మధ్య గళ్ళలో రెండేసి మంగళూరు పెంకులు పెట్టి పైన కాంక్రీటు పోస్తే ఆ మేరకి కాంక్రీటు మిగులుద్ది, పెంకుల మధ్య ఇరుక్కున్న గాలి వేడిని కొంత ఆపద్ది. వెయ్యి చదరపు అడుగుల శ్లాబుకి 5 అంగుళాల మందాన సుమారు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు పడద్ది, 30 టన్నుల బరువు. దాంట్లో ఐదో వంతు తగ్గినా పద్దెనిమిది, ఇరవై బస్తాల సిమెంటు మిగిలినట్టే. కడ్డీల దూరం, మందం మాత్రం ఇంజనీరు లెక్కగట్టి ఇవ్వాలి, మేస్త్రి అంచనా మీద వెయ్యకూడదు.

"ఏసీ పెట్టుకుంటే పోలా" అంటారు. పోద్ది, బిల్లుతో పాటు. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే శ్లాబు వేడిని బట్టి 8 నించి 10 యూనిట్లు, నెలకి 250, 300. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటు రేటు మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలు, 400 దాటిన యూనిట్లకి 9.75. ఏసీ యూనిట్లు కలిసేది ఎప్పుడూ పైన ఉన్న ఖరీదైన రేట్లలోనే, కిందవి ఫ్రిజ్జు, మోటారు, ఫ్యాన్లు ఎప్పుడో తినేసి ఉంటాయి. పైగా ఒక గదిలో ఏసీ పెట్టుకుంటే పిల్లలకి చల్లగా ఉంటది, హాల్లో పడుకునే అమ్మానాన్నల సంగతేంది, పగలంతా వంటింట్లో ఉండే ఆవిడ సంగతేంది. మిద్దె చల్లబడితే ఇంట్లో అందరికీ చల్లబడద్ది, నాకు దాంట్లో నచ్చేది ఇదే.

ఇప్పుడు వాస్తు దగ్గరికి రావాలి, రాకపోతే మా ఇంట్లో ఎవరూ ఈ వ్యాసం చదవరు. నేను వాస్తుని కాదనటంలా. బావమరిది ప్లానులో నైరుతి మూల పెద్ద బెడ్‌రూమ్, అంటే పడమటి గోడ, దక్షిణం గోడ రెండూ దానివే, దాంట్లో పడమరకి ఆరడుగుల గాజు స్లైడింగ్ కిటికీ. ఆ గది రాత్రి పన్నెండింటిదాకా చల్లబడదు. అట్టాగని గది మార్చమంటే మా అత్తగారు ఒప్పుకోరు, మార్చక్కర్లేదు కూడా. మెట్లు పడమరకి రావచ్చని వాస్తులోనే ఉంది గదా, బయటి మెట్లు తెచ్చి ఆ గోడకి ఆనించి వేస్తే గోడ సగం నీడలోకి పోద్ది, అదనంగా పైసా ఖర్చు లేదు. బాత్రూములు, బీరువా గూళ్ళు పడమటి గోడ పొడుగునా పెడితే వేడి ముందు వాటికి తగులుద్ది, మంచం దాకా రాదు. పెద్ద కిటికీ దక్షిణానికి మార్చి పడమరకి చిన్న వెంటిలేటర్ ఉంచమన్నా. తూర్పు, ఉత్తరం ఎక్కువ ఖాళీ వదలాలని పడమర మూడడుగులే వదుల్తారు, దాంట్లో వేప చెట్టు పట్టదు. ఆ మూడడుగుల్లో కాంపౌండ్ గోడ నించి ఇనప జాలీ లేపి తీగ పాకించుకోవచ్చు, రోడ్డు పడమరైతే రోడ్డు వారన కానుగ పెట్టుకోవచ్చు. మనకి సాయంత్రం చల్లగాలి తూర్పు, ఆగ్నేయం నించి సముద్రం మీదగా వస్తది. ఆగ్నేయం వంటిల్లు కాబట్టి ఆ గాలి ముందు పోపు వాసన మోసుకొస్తది, అందుకని హాలుకి విడిగా తూర్పు కిటికీ ఉండాలి, వంటింటి తలుపు మూసినా గాలి ఆగకూడదు.

కిటికీల గురించి ఇంకొక్క మాట. ఆ ఎకో నివాస్ సంహితలోనే మనలాంటి ఉక్కపోత ప్రాంతాలకి నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, తెరుచుకునే భాగం ఉండాలన్నారు. తెరుచుకునే, ఆ మాట ముఖ్యం. యూపీవీసీ స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటది, ఒక రెక్క ఎప్పుడూ ఇంకో రెక్క వెనకుంటది. పాత చెక్క కిటికీ రెక్కలు బార్లా తీస్తే మొత్తం గాలే. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 167 చదరపు అడుగుల గాలి దారి కావాలంటే స్లైడింగ్‌తో దానికి రెట్టింపు కిటికీలు కొనాలి. "దోమలో?" అంటారు, నెల్లూరులో ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే ఆశ్చర్యం. మెష్ రెక్కలు పెట్టించండి, గాలి కొంత తగ్గుద్ది, అందుకే కిటికీ ఇంకొంచెం పెద్దది కావాలి. దొంగల భయానికి గ్రిల్లు ఎట్టాగూ ఉంటది. ఎదురెదురు గోడలకి కిటికీలు లేని గదికి ఎన్ని పెట్టినా ఒకటే, గాలి లోపలికొచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి ఒకటి ఉండాలి.

గోడల్లో మనకో లాభం ఉంది. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో థర్మల్ ప్లాంటు ఉంది, ఆ బూడిదతో ఫ్లైయాష్ ఇటుకలు మన చుట్టూ బాగా దొరుకుతాయి, కొలతలు సమానంగా ఉంటాయి కాబట్టి సిమెంటు మాలు తక్కువ పడద్ది, పొలం మట్టి తవ్వక్కర్లేదు. నాకు అవి ఇష్టం. కానీ "ఫ్లైయాష్ అయితే ఇల్లు చల్లగా ఉంటది" అని అమ్మేవాళ్ళు చెప్పేది నమ్మొద్దు, వేడి విషయంలో ఎర్ర ఇటుకకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వేడి ఆపేది ఏఏసీ బ్లాకులు, వాటిలో అంతా గాలి బుడగలే, ఖరీదు ఎక్కువ. డబ్బు సరిపోకపోతే ఆ ఒక్క పడమటి గోడకి ఏఏసీ వెయ్యండి, మిగతాదంతా ఫ్లైయాష్ వెయ్యండి. పిల్లర్ల ఇంట్లో ఇది తేలిగ్గా అయ్యే పని. ఇంకో దారి ర్యాట్ ట్రాప్ బాండ్, ఇదీ బేకర్ బాగా వాడిందే. ఇటుకని పడుకోబెట్టకుండా నిలబెట్టి కడితే 9 అంగుళాల గోడలో మధ్యన 3 అంగుళాల బోలు మిగులుద్ది. పావు వంతు ఇటుకలు తగ్గుతాయి, బోలు వల్ల వేడి కొంచెం ఆగుద్ది. ఒక్క అంతస్తు, మహా అయితే రెండంతస్తుల ఇంటికి పిల్లర్లు లేకుండా గోడల మీదే శ్లాబు వెయ్యొచ్చు, డ్రాయింగు సరిగ్గా ఉంటే. మనోళ్ళు ఒక్క అంతస్తుకి కూడా నాలుగంతస్తుల పిల్లర్లు లేపుతారు, ఇనుములో పోయే డబ్బు అక్కడే ఎక్కువ. అయితే గోడల మీద కట్టేటప్పుడు బేస్‌మట్టం దగ్గర, లింటెల్ దగ్గర, శ్లాబు కింద చుట్టూ కాంక్రీటు బెల్టు, మూలల్లో నిలువు కడ్డీ తప్పనిసరి. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది, మనకి భూకంపాలు రావనుకోవద్దు.

పునాది, నీళ్ళ దగ్గర మాత్రం పొదుపు మాట ఎత్తొద్దు. ఒంగోలు, టంగుటూరు వైపు నల్లరేగడిలో మామూలు పునాది వేస్తే వానకి ఉబ్బి ఎండకి కుంగి గోడలు చీలతాయి, దానికి రూర్కీలో ఉండే కేంద్ర భవన పరిశోధన సంస్థ, సీబీఆర్ఐ వాళ్ళు రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్ ఉన్నాయి, మూడున్నర మీటర్ల లోతుకి దింపి కింద ఉల్లిగడ్డలాగా వెడల్పు చేస్తారు. సముద్రం పక్క ఊళ్ళలో, మైపాడు కానీ కొత్తపట్నం కానీ, ఉప్పు బోరు నీళ్ళతో కాంక్రీటు కలపకండి, కడ్డీలున్న కాంక్రీటుకి నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి మన దేశమంతా పాటించే కోడ్ ఐఎస్ 456 చెప్తది. కడ్డీ మీద కాంక్రీటు కవరు కూడా అదే కోడ్ ప్రకారం సముద్రతీరంలో 45 మిల్లీమీటర్లు ఉండాలి, మన శ్లాబులకి 20 మించి పెట్టరు, పదేళ్ళకే పెచ్చులూడి కడ్డీలు కనపడేది అందుకే. ఇప్పుడొచ్చే బూడిద కలిసిన సిమెంటుకి మన ఎండల్లో 14 రోజులు నీళ్ళు పట్టాలి. వారానికే ఆపేస్తారు. బేస్‌మట్టం ఎత్తు నిర్ణయించేటప్పుడు 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు మీ వీధిలో నీళ్ళు ఎందాకా నిలిచాయో ఇరుగుపొరుగుని అడగండి, దానికి పైన పెట్టండి, రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఇంకొంచెం లేస్తదని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇదంతా విని బావమరిది అన్న మాట, "బావా, ముందు బాగాలేకపోతే రేపు పాపకి సంబంధాలొచ్చినప్పుడు ఏమనుకుంటారు." ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. మన ఊళ్ళలో ఇంటిని బట్టి మనిషిని అంచనా వేస్తారు, కూతురున్న తండ్రికి అది నిజమైన భయం. నేను చెప్పింది ఒకటే, ముందు గోడని వికారంగా కట్టమనటంలా. చీమకుర్తి, ఒంగోలు చుట్టూ గ్రానైటు ఫ్యాక్టరీల్లో మిగిలే ముక్కలు చవగ్గా దొరుకుతాయి, వాటితో వరండా చాలా అందంగా వస్తది. ఇటుకల కట్టుబడి బాగుంటే ప్లాస్టరింగ్ లేకుండా వదిలేసిన గోడ కూడా అందమే. తూర్పుకో, దక్షిణానికో ఆరడుగుల వరండా దింపి నాలుగు స్తంభాలు పెడితే ముందు గోడకి అతికించే ఏ ఏసీపీ (అల్యూమినియం) షీటూ ఇవ్వని నిండుదనం వస్తది, గోడకి నీడా వస్తది. అడుగుకి రెండు వేల పైన నడిచే ఈ రోజుల్లో ఆ షీట్లు, గాజు, లైట్లు మానుకుంటే మిగిలిన డబ్బుతో మిద్దె పనంతా అయిపోద్ది, నేను కాగితం మీద వేసి చూపించా.

డబ్బు ఇంకా మిగిలితే ఫ్యాన్లు మార్చుకోవాలి. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30, 35. నాలుగు ఫ్యాన్లు రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి 58 నించి 65 యూనిట్ల తేడా. సోలార్ ఆ తర్వాత. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ ఉంది, రోజుకి 12 యూనిట్ల దాకా వస్తాయి, ప్యానెల్స్ కింద మిద్దెకి నీడ కూడా. కానీ వేడిని లోపలికి రానిచ్చి దాన్ని తోలటానికి సోలార్ పెట్టుకోవటం నాకు సరైన వరస అనిపించదు, ముందు ఇంటికి కావాల్సిన కరెంటు తగ్గితే 3 కిలోవాట్లు కాదు, 2 తో సరిపోద్ది.

ఇంకా పెద్ద పొదుపు ఇంటి సైజులోనే ఉంది, దాని గురించి అందరూ మొహమాటపడతారు. స్థలమంతా నింపి 1,300 అడుగులు కట్టేకంటే 950 కట్టి మంచి వరండా ఉంచుకోవచ్చు. పూజగది, డైనింగు, గెస్ట్ రూము విడివిడిగా కావాలా అని ఇంట్లో ఆడోళ్ళని కూర్చోబెట్టి అడిగితే మా అత్తగారే "గెస్ట్ రూమెందుకబ్బా, వచ్చేవాళ్ళు హాల్లో పడుకోరా" అన్నారు. ఆ ఒక్క గది తీసేస్తే ఉత్తరం ఖాళీ పెరిగింది, హాలుకి ఎదురెదురు కిటికీలు కుదిరాయి. పై అంతస్తు ఎప్పటికైనా వేస్తారా లేదా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోమన్నా, వెయ్యబోమని తేలితే ఆ నిలబెట్టిన కడ్డీల ఖర్చు, పునాదిలో అదనపు ఇనుము మిగులుద్ది.

ఇప్పుడు ప్లాను మారింది. మెట్లు పడమరకొచ్చాయి, గాజు కిటికీ పోయింది, శ్లాబు మీద తెల్ల మొజాయిక్‌కి ఎస్టిమేట్‌లో ఒక లైను పడింది. ఫిల్లర్ శ్లాబు దగ్గర మేస్త్రి ఇంకా ఒప్పుకోలా, "అన్నా, నేనెప్పుడూ వెయ్యలేదు, తేడా వస్తే నా పేరు పోద్ది" అంటన్నాడు, అతను అడిగేది న్యాయమే. ముందు బయటి బాత్రూమ్ మీద చిన్న శ్లాబు అట్టా వేసి, 14 రోజులు నీళ్ళు కట్టి, సెంట్రింగ్ తీశాక ఇంజనీరు వచ్చి చూసేట్టు ఒప్పందం చేసుకున్నాం. కావలి, కందుకూరు చుట్టుపక్కల ఈ పని చేసిన మేస్త్రులు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, సంక్రాంతి లోపల ఒకసారి వాళ్ళని తీసుకొచ్చి మావాడితో మాట్లాడించాలి.